ముప్పై ఆటల మార్కులు

ఆల్డర్ ఫెర్రీ, అయోవా
8 మే 2008, గురువారం

ప్రియమైన వెర్నాకు,

హెస్టర్ రాస్తున్నది. నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని నాకు తెలుసు. నిన్నటి బేస్‌బాల్ ఆటలో, ఆరో ఇన్నింగ్స్‌లో, మొదటి బేస్ వైపు నుంచి నువ్వు అంపైర్‌ని తిట్టిన తిట్లు మూడో బేస్ వైపు కూర్చున్న నాకు మాట మాటా విడివిడిగా వినిపించాయి. ఊపిరితిత్తులు అంత బాగా పనిచేస్తున్న మనిషిని ఆరోగ్యం ఎలా ఉందని అడగడం వృథా.

నాలుగు వీధుల అవతల ఉన్నదానికి స్టాంపు అంటించి ఉత్తరం వేయడమేమిటని నువ్వు నవ్వుతావు. నవ్వుకో. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నదాన్ని, ఉత్తరాన్ని చేత్తో తెచ్చి నీ తలుపు సందులో దూర్చి పోలేను. పైగా నేను తలుపు తడితే నువ్వు తీయవు. తీసినా నాకు నోరు పెగలదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు, అదొక సుఖం.

ఇక విషయానికొస్తాను. మంగళవారంతో మన ఊరి జట్టు హెరన్స్‌కి ముప్పై ఆటలు పూర్తయ్యాయి. పదిహేడు గెలిచాం, పదమూడు ఓడాం. ముప్పై ఆటలైన వారంలో మనిద్దరం ఏం చేస్తామో నీకు చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా పచ్చ అట్ట పుస్తకంలో ప్రతి కుర్రాడి పేరు పక్కన రెండు గడులు, ఒకటి నాది, ఒకటి నీది. నేను పదికి పిసినారిగా వేస్తాను, నువ్వు చేతికి ఎముక లేనట్టు వేస్తావు. రెండూ కలిపి సగం చేస్తే కుర్రాడి అసలు విలువ తేలుతుంది. ఈ పద్ధతిలో మనం ఇప్పటిదాకా పంతొమ్మిది మంది తప్పకుండా పెద్ద జట్టుకి ఆడతారని తేల్చాం. వాళ్ళలో నలుగురు నిజంగానే ఆడారు. ఈ ఏడు నా గడులన్నీ నింపాను. నీవి ఖాళీగా ఉన్నాయి. నా మార్కులు మాత్రమే చూస్తే ఈ జట్టులో ఒక్కడూ పనికొచ్చేవాడు లేడనిపిస్తోంది. అది నిజం కాదని నాకూ తెలుసు.

నీ సీట్లో ఈ సీజనంతా లైల్ గ్రండీ కూర్చుంటున్నాడు. అదే, రిటైరైన పళ్ళ డాక్టరు. మన కుర్రాళ్ళకి ఎక్కడెక్కడో ఎవరెవరో ఇచ్చిన ర్యాంకులన్నీ అచ్చేయించి సంచీలో వేసుకుని వస్తాడు. బంతి గాల్లో ఉండగా కూడా కాగితమే చూస్తాడు. నువ్వు సీటు మారిన మొదటి రోజే వచ్చి, "ఇక్కడెవరైనా వస్తారా అమ్మా?" అని అడిగాడు. నేను ఆలోచించే లోపలే కూర్చున్నాడు.

ముందు బ్రాంట్ హోలిస్టర్ సంగతి. క్లబ్బు అందరికంటే ముందు ఎంచుకున్న కుర్రాడు, మొదటి బేస్. సాయంత్రం ఐదింటికి ప్రాక్టీసులో చూడాలి వాణ్ణి, బంతుల్ని తీసుకెళ్ళి నదిలో పడేస్తాడు. ఏడింటికి ఆట మొదలయ్యాక వంపు తిరిగే బంతి వచ్చిందా, ఈగను తోలినట్టు బ్యాటు ఊపి బెంచీకి వచ్చేస్తాడు. లైల్ మాత్రం, "లీగు మొత్తంలో నాలుగో ర్యాంకమ్మా వాడిది, నువ్వు చూడడం లేదు!" అని నా మొహం మీద కాగితం ఆడించాడు. "కాగితానికి వంపు బంతి ఎవరూ వెయ్యరు గదయ్యా, అందుకే బాగా ఆడుతోంది" అన్నాను. బ్రాంట్‌కి నేను వేసింది నాలుగున్నర. వాడు రోజూ వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాడని నువ్వు తొమ్మిది వేసేదానివి.

తరవాత డోర్సీ క్లెమ్, నెబ్రాస్కా నుంచి వచ్చిన ఆరున్నర అడుగుల ఎడమచేతి పిచర్. ఏప్రిల్‌లో వాడి అవతారం నువ్వూ చూశావు. ఎదురుగా ఉన్న బ్యాటర్‌కి తప్ప అందరికీ వేశాడు. మన జట్టు గుర్తని కొంగ వేషం కట్టుకుని గెంతే మనిషికి రెండుసార్లు తగిలింది. ఇప్పుడో, పద్దెనిమిది ఇన్నింగ్స్‌లో చెడ్డ బంతులు వేసి ఊరికే బేస్‌కి పంపింది ఇద్దరినే. కారణం లైల్ కాగితాల్లో లేదు, నేను చెబుతా విను. బోర్డు మీద బంతి వేగం చూపించే దీపాలు ఉన్నాయి చూడు, అవి ఇరవై రెండో తేదీన కాలిపోయాయి. అంతకు ముందు ప్రతి బంతికీ వీడు వెనక్కి తిరిగి తన అంకె చూసుకుని మురిసిపోయేవాడు. ఇప్పుడు చూసుకోవడానికి ఏమీ లేక, పాపం, క్యాచర్ గ్లవ్ వంక చూస్తున్నాడు. నేను వెళ్ళి మైదానం మేనేజరుని బతిమాలాను, ఆ దీపాలు బాగుచేయించకు నాయనా అని. "కొత్తవి ఆర్డరు పెట్టేశాం, వచ్చే వారం వస్తాయండీ" అన్నాడు. వచ్చే వారం దాకా డోర్సీకి ఏడు.

ఇక ఎలాదియో. నీ ఇంట్లో తిని, నీ ఇంట్లో పడుకుని, వాళ్ళ స్పానిష్‌లో నిన్ను 'మామా', అంటే అమ్మా, అని పిలిచే కుర్రాడి సంగతి నీకు నేను చెప్పడం విడ్డూరమే గానీ, పుస్తకంలో పేరున్నాక రాయాలి కదా. పోయిన ఏడు మీ ఇంటి మెట్ల మీద ఒక్క సంచీతో దిగినప్పుడు వాడికి 'థాంక్యూ', 'చికెన్' అనే రెండు మాటలే వచ్చు. ఇప్పుడు అంపైర్‌తో వాదించేంత వచ్చింది, అది నీ పెంపకమే. ముప్పై ఆటల్లో బ్యాటింగ్ సగటు వెయ్యికి మూడొందల పదకొండు. తప్పులు రెండే, రెండూ విసరడంలో జరిగినవే. బంతి చేతిలోకి వచ్చేదాకా దాని మీద నుంచి చూపు తిప్పడం లేదు. పోయిన ఏడు వాడికి లేని గుణం అది. అదే మెట్టు మీద రెండో ఏడు కూడా నిలబెట్టారంటే సాధారణంగా మూడో ఏడు ఇంటికే పంపుతారు. వీణ్ణి మాత్రం సోమవారం పై జట్టుకి పంపుతున్నారని తెలిసి, ఎనిమిదిన్నర వేశాను. నా చేత్తో ఎనిమిదిన్నర! లైల్ పుస్తకం లాక్కుని మరీ చూశాడు.

శనివారం వాడికి ఇక్కడ ఆఖరి ఆట. అందుకే ఇప్పుడైనా పోయిన ఆగస్టు సంగతి ఎత్తక తప్పదు.

స్కోరర్ రస్సెల్‌కి ఆపరేషన్ అయింది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి బంతీ రాసుకుంటున్నదాన్ని అని క్లబ్బువాళ్ళు మూడు వారాలు నన్ను పైన గదిలో కూర్చోబెట్టారు. ఎలాదియో అప్పటికి ముప్పై ఎనిమిది ఆటలు వరసగా ఒక్క తప్పూ చేయలేదు. మన మైదానం రికార్డు నలభై. నువ్వు గుడ్డతో అంకెలు కుట్టి, రోజుకొకటి కమ్మీకి పిన్నులు పెట్టి తగిలించేదానివి. ముప్పై తొమ్మిదో ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్. బంతి వాడి పక్క నుంచి గడ్డిలోకి పోయింది. అది కొట్టినవాడి హిట్టు కాదు, ఎలాదియో తప్పు అని ఇచ్చాను. బోర్డు మీద ఎర్రర్ వెలిగింది.

నువ్వు అరవై మెట్లు ఎక్కి వచ్చావు. "గుడ్డిదానిక్కూడా కనపడుతుందే, రాయి తగిలి ఎగిరింది! అది హిట్టు! దిగి రా, ఆ రాయి చూపిస్తా!" అన్నావు. "నా రెండు కళ్ళతో చూశాను. మార్చను" అన్నాను. "అయితే ఆ రెండు కళ్ళూ పెట్టుకుని ఒక్కదానివే కూర్చో" అన్నావు. ఒక రోజు లోపల మార్చుకునే అవకాశం స్కోరర్‌కి ఉంటుంది. ఆ రోజంతా నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు, నేను తీయలేదు. చలికాలమంతా బుధవారం పేకాటకి నువ్వు రాలేదు. ఏప్రిల్లో చూస్తే మొదటి బేస్ వైపు వెళ్ళిపోయావు. ఎలాదియో ఆడే షార్ట్‌స్టాప్ చోటు ఉండేది మన మూడో బేస్ వైపు. నా మీద కోపంతో నీ పిల్లాడికి నువ్వే మైదానమంత దూరం జరిగావు. మొండితనంలో నిన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని, కానీ నేనూ తొమ్మిది నెలలు నీకు దీటుగా నిలబడ్డాను.

ఈ ఏడంతా స్కోరర్‌గా ఉండమని క్లబ్బు అడిగింది. మోకాళ్ళు బాగాలేవు, అన్ని మెట్లు ఎక్కలేనని చెప్పాను.

వెర్నా, నువ్వు లేకుండా ఆట చూడడం నాకు బాగాలేదు. ఎవడైనా బాగా ఆడితే మోచేత్తో పొడవడానికి పక్కకి తిరుగుతాను, అక్కడ లైల్ ఉంటాడు. ఒకసారి పొరపాటున పొడిచాను కూడా. శనివారం రెండింటికి ఆట. లైల్‌ని లేపేస్తాను, ఆ పూచీ నాది. పుస్తకం తెస్తాను. వచ్చి నీ గడులు నింపు, కావాలంటే అందరికీ పదికి పది వెయ్యి, ఒక్క మాట అనను.

నీ రాక కోసం చూస్తూ,
మూడో బేస్ వైపు నుంచి,
హెస్టర్

తా.క. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అసలు సంగతి వేరే.

ఆ బంతిని నేను చూడలేదు వెర్నా. ఆ క్షణాన తల వంచుకుని, హాట్ డాగ్‌లో ఉల్లిపాయ వేశారా లేదా అని బన్ను విప్పి చూసుకుంటున్నాను. జనం హోరు వినబడి తలెత్తితే బంతి గడ్డిలో ఉంది, ఎలాదియో తల పట్టుకుని ఉన్నాడు. పక్కన బోర్డు మీట దగ్గర కూర్చున్నతను, "ఏంటమ్మా, ఏమివ్వమంటావు?" అన్నాడు. చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. నోటికొచ్చింది అనేశాను. ఆ తరవాత నువ్వు ఎంత గట్టిగా అరిస్తే నేను అంత బాగా చూసినట్టు నాకే అనిపించసాగింది. చూడనిదాన్ని చూశానని రాసే మనిషి ఆ గదిలో కూర్చోకూడదు. అందుకే మానుకున్నాను.

ఏప్రిల్లో ఎలాదియోని ఆపి ఈ మాట చెప్పి, నన్ను క్షమించమన్నాను. వాడు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "రాయీ లేదు, ఏమీ లేదు సెన్యోరా. బంతి బుద్ధిగానే వచ్చింది. నేనే రన్నర్ వంక చూశాను. మామా వెర్నా ఇంటికొచ్చి రాయి, రాయి అని ఒకటే అరుస్తుంటే, నా కోసం అంత కోపం తెచ్చుకుందే అని, ఊఁ అనేశాను. చెప్పొద్దు, చంపేస్తుంది" అన్నాడు. నిన్న ఆట ముందు కమ్మీ దగ్గరికొచ్చి, "ఇక చెప్పెయ్. నా వల్ల మీరిద్దరూ అటొకరూ ఇటొకరూ కూర్చుంటే నాకు వెళ్ళబుద్ధి కావడం లేదు" అన్నాడు.

కాబట్టి చూడకుండా నేనిచ్చిందే సరైనదట, కళ్ళారా చూసి నువ్వు చెప్పింది తప్పట. అయినా క్షమాపణ చెప్పాల్సింది నేనే. తప్పు ఇచ్చినందుకు కాదు. నువ్వు అరవై మెట్లు ఎక్కొచ్చి నా మొహంలోకి చూస్తూ అడిగినప్పుడు, చూశానని నీతో అబద్ధం చెప్పినందుకు.