తొట్టి కడిగిన ముసలామె

14 జూన్ 1999, మియాపూర్

పోయిన నెల ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు దిగిన జపాన్ కొండల్లోని ఆ సత్రంలో ఒళ్లంతా సబ్బుతో కడుక్కున్నాకే వేడినీటి ఊట తొట్టిలో దిగాలట. నేను సిగ్గుపడి డ్రాయరుతోనే దిగి, అందులోనే సబ్బు రుద్దుకున్నాను. అదే తొట్టిలో ఉన్న మా జపాన్ క్లయింట్లు లేచి వెళ్లిపోయారు. తెల్లారేసరికి తొట్టి ఖాళీ. ఒక ముసలామె మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు తోముతోంది.

ఇవాళ ఆఫీసులో మేనేజరు, "వీడికి కాలవ స్నానమే అలవాటండీ!" అంటూ ఈ కథ మళ్లీ చెప్పి అందరినీ నవ్వించాడు. నా ఒళ్లు మండిపోయింది. బల్లలు తుడుస్తున్న యాదమ్మ మాత్రం నవ్వలేదు.

"గంత పెద్ద తొట్టి కడిగినామె నడుము ఏం గావాలె సారూ?" అంది.

క్లయింట్లకు అప్పుడే మూడు పేజీల క్షమాపణ రాశాను. ఆ పొద్దున తొట్టి తోముతున్న ముసలామె నన్ను చూసి, లేచి వంగి నమస్కరిస్తే, తల తిప్పుకుని వెళ్లిపోయాను.