దేవుడి దయ అనకూడని అక్టోబర్

అక్టోబర్ 1, గురువారం

ఉదయం 6:10. మొదటి రోజు! ఈ నెలంతా ఎవరు "ఎలా ఉన్నావు?" అని అడిగినా నిజమే చెప్తాను. "దేవుడి దయ, బాగున్నాను" అన్న మాట నిషిద్ధం. నాకొక్కదానికే కాదు, మెంఫిస్‌లో మా సోదరీ సంఘం శాఖ మొత్తానికీ.

తీర్మానం పెట్టింది నేనే. మానసిక ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలిని కదా. నల్లజాతి ఆడవాళ్ళం, బండరాళ్ళలా నిలబడి నిలబడి లోపల గుల్లయిపోతున్నాం, ఇకనైనా నోరు విప్పుదాం అని పోయిన నెల సమావేశంలో ఉపన్యాసం దంచాను. చప్పట్లే చప్పట్లు. ఏకగ్రీవం. అందరికీ బ్యాడ్జీలు కూడా చేయించాం, మా సంఘం ద్రాక్షరంగు మీద వెండి అక్షరాలతో: "నిజం చెప్పు చెల్లీ".

7:40. స్కూలు గేటు దగ్గర కాపలా ఉండే హాబ్సన్ గారు అడిగారు. ఎడమ మోకాలు సలుపుతోందని చెప్పేశాను. ఎంత హాయి! ఆయన తన నడుము గురించి చెప్పారు. వైస్ ప్రిన్సిపాల్‌నై ఉండి ఇన్నేళ్ళలో ఆయనకో నడుము ఉందని నాకు తెలియదు.

ఇక క్లిఫ్టన్ సంగతి. మా ఆయన జూన్‌లో నన్ను వదిలేసి నది అవతల అపార్ట్‌మెంటుకి వెళ్ళిపోయాడు. సంఘంలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్తాను, ఈ నెలలోనే చెప్తాను. చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. కాకపోతే మా శాఖ క్యాలెండర్‌లో అక్టోబర్ పేజీ మా ఇద్దరిదే. "ఆదర్శ దంపతులు" అని. ఇవాళ పొద్దున్నే అందరి వంటిళ్ళలోనూ ఆ పేజీ తిప్పి ఉంటారు. కాస్త ఆగి చెప్తే బాగుంటుంది.

అక్టోబర్ 4, ఆదివారం

చర్చి గుమ్మంలో పెద్దాయన చేయి పట్టుకుని ఎలా ఉన్నావమ్మా అన్నారు. "దేవుడి దయ" అనేశాను. నాలిక కరుచుకున్నా లాభం లేదు.

కానీ ఆలోచిస్తే, దేవుడి ఇంట్లో నిలబడి దేవుడి దయ అనడం అబద్ధమెలా అవుతుంది? కాబట్టి చర్చికి మినహాయింపు. చర్చి పార్కింగుకీ మినహాయింపే. చర్చి వాళ్ళు బజారులో కనబడితే ఏం చేయాలన్నది కమిటీ తర్వాత ఆలోచిస్తుంది. కమిటీ అంటే నేనే.

అక్టోబర్ 7, బుధవారం

సాయంత్రం 5:30. పెద్దవాళ్ళకి పంచడానికి సరుకుల సంచులు కట్టాం. బియ్యం, బీన్స్, డబ్బా చిలగడదుంపలు. మా శాఖ అధ్యక్షురాలు జెరాల్డిన్ అక్క వచ్చింది. రిటైరయిన ప్రిన్సిపాల్. విగ్గు కదలదు, వెన్ను వంగదు. ఆవిడ నవ్వితే కూడా అజెండాలో ఉన్నట్టే ఉంటుంది.

ఎలా ఉన్నావని నన్ను అడగలేదు. క్లిఫ్టన్ ఎలా ఉన్నాడని అడిగింది. పనిలో మునిగిపోయాడన్నాను. అబద్ధం కాదు, వాడెప్పుడూ పనిలోనే ఉంటాడు. పైగా తీర్మానంలో ఉన్నది "ఎలా ఉన్నావు" మాత్రమే. "ఎలా ఉన్నాడు" లేదు.

అప్పుడు బాంబు వేసింది. పదిహేడున పార్కులో ఆరోగ్య దినం. ఏటా లాగే క్లిఫ్టన్ పంది పక్కటెముకలు కాల్చాలట. "ఆ పొగ వాసన లేకపోతే మన దగ్గర బీపీ చూపించుకోడానికి ఎవడొస్తాడమ్మాయ్?" అంది.

నిజమే. మా బీపీ టెంటు పక్కనే ఆ పొయ్యి పెడతాం. జనం పక్కటెముకల కోసం వస్తారు, వరసలో నిలబెట్టి బీపీ చూస్తాం, ఉప్పు తగ్గించమని చెప్పి ప్లేటు చేతికిస్తాం.

"సరే అక్కా" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి.

అక్టోబర్ 10, శనివారం

నదీన్ ఫోన్. నేనూ నదీన్ ఒకే ఏడు సంఘంలో చేరాం. చేర్చుకునేటప్పుడు వరసలో నా వెనక నిలబడింది, అప్పట్నుంచీ నా వీపుకి కాపలా తానేనంటుంది. నర్సు.

తీర్మానాన్ని మా శాఖలో నిజంగా పాటిస్తున్నది నదీన్ ఒక్కతే అనుకుంటాను. కిరాణా కొట్లో క్యాషియరు మాటవరసకి ఎలా ఉన్నారండీ అంటే మలబద్ధకం దగ్గర మొదలుపెట్టి అత్తగారి దాకా వెళ్ళిందట. వెనక వరస మొత్తం వేరే కౌంటరుకి మారిపోయింది. బైబిల్ క్లాసులో ఇప్పుడు దాని పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది.

"నీ సంగతేంటే? గొంతు అదోలా ఉంది" అంది.

చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. "గాలిలో పుప్పొడి ఎక్కువైంది" అన్నాను. అది నిజం. వాతావరణ శాఖ వాళ్ళు కూడా అన్నారు.

అక్టోబర్ 13, మంగళవారం

శాఖ సమావేశం. మొదటి అంశం: చెప్పిన నిజాలని మేం ఏటా చూపించాల్సిన సేవాగంటల కింద లెక్క కట్టవచ్చునా?

మా సభా నియమాలు చూసేది మావిస్ పిన్ని. ఎనభై దాటింది. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయింది. ప్రాణం పోతున్నా ప్రతిపాదనా, బలపరచడమూ లేకుండా పోనివ్వదు. నిజానికి కొలత ఏమిటని నిలదీసింది. చర్చ నలభై నిమిషాలు నడిచింది. చివరికి మూడు నిజాలు ఒక గంట అని తేల్చారు. ఏడిస్తే గంటన్నర.

తర్వాత నా నివేదిక. తీర్మానం అద్భుతంగా అమలవుతోందన్నాను. అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో నా చేతిలో గులాబీ పెట్టారు. కార్లెట్టా మా కొండ, కార్లెట్టా మా కోట అన్నారు.

కొండ కార్లో కూర్చుని అరగంట ఏడ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. గంటన్నర సేవ కింద రాసుకోవచ్చేమో, కానీ ఎవరికీ చెప్పకుండా ఏడిస్తే లెక్కలోకి వస్తుందో రాదో మావిస్ పిన్నిని అడగాలి.

అక్టోబర్ 16, శుక్రవారం

క్లిఫ్టన్ పొగపొయ్యి పెరట్లోనే ఉంది. అపార్ట్‌మెంటులో పట్టదని వదిలిపోయాడు. నన్నెందుకు వదిలిపోయాడో మాత్రం సరిగా చెప్పలేదు. "మనిద్దరం మాట్లాడుకుని ఎన్నేళ్ళయింది?" అని మాత్రం అడిగి, జవాబు కోసం కాసేపు నిలబడి, సూట్‌కేసు తీసుకున్నాడు.

ఇన్నేళ్ళూ వాడు కాల్చడం చూశాను కదా, నాకు రాదా అనుకున్నాను.

సాయంత్రం 4:00. బొగ్గులు రాజుకున్నాయి. శభాష్!

4:50. పొగ బాగా వస్తోంది.

5:15. మరీ బాగా వస్తోంది.

5:25. పక్కింటావిడ గొట్టంతో గోడ మీద నుంచి నీళ్ళు కొట్టింది. ఏమైందని అడిగింది, ఎలా ఉన్నావని అడగలేదు. కాబట్టి నిజం చెప్పనక్కర్లేదు. మొత్తం పక్కటెముకలు బొగ్గయ్యాయి.

6:00. ఊరి అవతల, మా వాళ్ళెవరూ వెళ్ళని హోటల్‌కి ఫోన్ చేసి పొద్దుటికి ఆర్డరిచ్చాను.

అక్టోబర్ 17, శనివారం

హోటల్ పక్కటెముకల్ని మా ఇంటి ట్రేలలోకి మార్చి, రేకు కప్పి తీసుకెళ్ళాను. క్లిఫ్టన్ తెల్లవారకముందే లేచి కాల్చాడనీ, డ్యూటీ ఉండి రాలేకపోయాడనీ చెప్పాను. ఇది అబద్ధమే. ఇంక దీనికి ఏ మినహాయింపూ దొరకలేదు. వెతికాను.

ఈసారి క్లిఫ్టన్ తనని తానే మించిపోయాడన్నారు అందరూ. నాకు కడుపు మండింది.

బీపీ టెంటులో నదీన్ ఉంది. రా, ముందు నీది చూస్తానని పట్టీ చుట్టింది. ఒకసారి చూసింది. విప్పి మళ్ళీ చుట్టి చూసింది. నూట డెబ్బై పైన. నా ముఖంలోకి చూసి, నెమ్మదిగా, "ఎలా ఉన్నావే?" అంది.

గుండె మీద బ్యాడ్జీ. దాని మీద నిజం చెప్పు చెల్లీ.

"దేవుడి దయ" అన్నాను.

నదీన్ కాగితం మీద అంకె రాసుకుంది. పట్టీ చుట్టి పెట్టేసింది. అది చూసిన చూపుకి చచ్చిపోవాలనిపించింది.

పది నిమిషాల తర్వాత మైకు పట్టుకుని బాధని దాచుకోవద్దని పార్కు మొత్తానికీ బోధించాను. బాగా మాట్లాడానట.

సాయంత్రం జెరాల్డిన్ అక్క ఫోన్. క్లిఫ్టన్‌కి స్వయంగా ఫోన్ చేసి థాంక్స్ చెప్పిందట. ఏమన్నాడని అడిగాను. "నాదేం లేదండీ, అంతా కార్లెట్టాదే అన్నాడు. ఎంత వినయమమ్మా ఆ అబ్బాయికి!" అంది.

నన్ను వదిలేసినవాడే నా పరువు కాపాడాడు. దీనికంటే తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 20, మంగళవారం

స్కూలుకి సెలవు పెట్టాను. జ్వరం అన్నాను. మంచం దిగలేదు. సంఘం గ్రూపులో పొద్దున్నుంచీ "ఎలా ఉన్నారు చెల్లెళ్ళూ" అని మెసేజీలు, ద్రాక్షరంగు గుండె బొమ్మలు. దండం బొమ్మ పెట్టాను. బొమ్మకి నోరు లేదు కనక అది అబద్ధం కిందికి రాదు.

నదీన్ మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

అక్టోబర్ 24, శనివారం

ప్రత్యేక సమావేశం. నెల తిరక్కుండానే బహుమతులు. ఈ ఏటి సత్యవాది చెల్లి ఎవరంటే నేను.

జెరాల్డిన్ అక్క ఫలకం చేతికిచ్చి, మైకులో అడిగింది: "ఈ క్షణాన ఎలా ఉన్నావు కార్లెట్టా?"

నిజం చెప్పాలని అనుకోలేదు. వాంతి వచ్చినట్టు వచ్చేసింది. "బాగాలేనక్కా. క్లిఫ్టన్ జూన్‌లో వెళ్ళిపోయాడు. నాకు నిద్ర పట్టడం లేదు. పక్కటెముకలు హోటల్‌వి."

వెనక వరసలోంచి ఎవరో అన్నారు, "హోటల్‌వా?"

మావిస్ పిన్ని లేచింది. ఈ విషయం అజెండాలో లేదనీ, చర్చించాలంటే ముందు చేర్చాలనీ చెప్పింది. చేర్చారు. కార్లెట్టాని ఆదుకోవడానికి ఒక కమిటీ వేయాలని ఒకావిడ ప్రతిపాదించింది, ఇంకొకావిడ బలపరిచింది. వండి పంపడానికి ఒక ఉపసంఘం, ప్రార్థనకి ఒకటి. అంతా నా మీద ప్రేమతోనే, కళ్ళు తుడుచుకుంటూనే చేశారు. కమిటీకి అధ్యక్షత ఎవరన్న ప్రశ్న వచ్చింది. మానసిక ఆరోగ్యం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళేనని మావిస్ పిన్ని నియమం చూపించింది.

అంటే నేనే. నన్ను ఆదుకునే కమిటీకి నేనే అధ్యక్షురాలిని. వచ్చే నెల నివేదిక ఇవ్వాలి.

"సరే" అన్నాను. వద్దని చేయెత్తింది నదీన్ ఒక్కతే. దాన్ని వ్యతిరేక ఓటుగా రాసుకున్నారు.

అక్టోబర్ 25, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ప్రార్థన ఉపసంఘం నుంచి నా సంతకం కోసం ఫోన్ వచ్చింది. ఆరింటిదాకా కుర్చీలోనే ఉన్నాను.

సాయంత్రం 6:15. తలుపు కొట్టారు. వంట ఉపసంఘమనుకుని తీశాను. ఎదురుగా ఎవరో ముసలావిడ. తలకి పాత సాటిన్ గుడ్డ, ఇంట్లో వేసుకునే చెప్పులు, మా రంగు ఎక్కడా లేని బూడిదరంగు స్వెటరు. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. జెరాల్డిన్ అక్క. విగ్గు లేకుండా ఆవిణ్ణి మేమెవ్వరం చూడలేదు.

లోపలికొచ్చి వంటింట్లో కూర్చుంది. "రాత్రంతా నిద్ర పట్టలేదమ్మాయ్. నిన్న నువ్వా మాట అన్నాక సుత్తి కొట్టి ఓటింగు పెట్టాను. పెట్టాక బుద్ధొచ్చింది. ఎలా ఉన్నావు?"

"దేవుడి ద..."

చేయెత్తి ఆపింది. ఇంకేమీ అనలేదు. కూర్చుంది. ఫ్రిజ్ శబ్దం వినబడుతోంది. నేను గిన్నె తుడిచాను, ఇంకో గిన్నె తుడిచాను, ఆవిడ అలాగే కూర్చుంది. అలా నా జవాబు కోసం కాచుక్కూర్చున్న మనిషిని నా జీవితంలో చూడలేదు. చివరికి గిన్నె పక్కన పెట్టి, అంతా చెప్పాను. వాడు వెళ్ళిపోయాడన్న బాధకంటే, మనం మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందని వాడు అడిగితే నాకు జవాబు తోచలేదన్న బాధ ఎక్కువని చెప్పాను. అది ఇంతవరకు ఈ డైరీకి కూడా చెప్పలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమిరింది, సలహా ఒక్కటి ఇవ్వలేదు.

కాఫీ కలిపాక నేనడిగాను. "మీరెలా ఉన్నారక్కా?"

"దేవుడి దయ" అంది.

నేనూ చేయెత్తాను. నేనూ కూర్చున్నాను.

కప్పు కింద పెట్టింది. "నలభై ఏళ్ళుగా ఈ మాట అనగానే అందరూ వెళ్ళిపోతారు. తర్వాత ఏం చెప్పాలో నేనెప్పుడూ నేర్చుకోలేదే కార్లెట్టా" అంది.

కుర్చీ దగ్గరికి లాక్కుని, తోచిన చోట మొదలుపెట్టమన్నాను. మొదలుపెట్టింది. అది ఆవిడ సంగతి, ఇక్కడ రాయను.

అక్టోబర్ 26, సోమవారం

ఉదయం 6:10. మొదటి రోజు. మళ్ళీ!

చర్చి మినహాయింపు రద్దు. బొమ్మల మినహాయింపు రద్దు. కొత్త నియమం ఒకటే: నేనెవర్నైనా ఎలా ఉన్నావని అడిగితే, జవాబొచ్చేదాకా కదలకూడదు.

6:30. నదీన్‌కి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే పార్కులో నా బీపీ అంకె చెప్పి, ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానంది. మా డాక్టరు పేరు అడిగిందే తప్ప ఇంకేం అడగలేదు. సరేనన్నాను. ఈ సరే మనసారా అన్నాను.

6:50. "నీ సంగతేంటే, ఎలా ఉన్నావు?" అని అడిగాను.

7:45. ఇంకా మలబద్ధకం దగ్గరే ఉంది. వింటున్నాను. స్కూలుకి ఆలస్యమైంది.