ముడుపులో కట్టిన బిల్లులు

అనసూయా,

పాలు కాచాను, వచ్చాక తోడు పెట్టు. నేను ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్తున్నా.

నా కాలి ఆపరేషన్ బిల్లులు ఝరాసంగం స్వామి ముడుపులో కట్టేశావు. మూట విప్పాను, కోప్పడకు. "జిరాక్సులు నడువయ్ ఈశ్వరయ్యా, రేపటికి అసలువి తేకుంటే ఇన్సూరెన్సోళ్లు పైసియ్యరు" అన్నాడు మా ఆఫీసు మాణిక్యం సారు నిన్న. గది కిరాయిలో కొంత, దూది, చేతి తొడుగులు ఎలాగూ మన జేబులోంచేనట. ఆపరేషన్, మందుల ఖర్చు వాళ్లదే. బిల్లులు ఇవ్వకపోతే అదీ మనమీదే పడుతుంది, ఆపరేషన్ కోసం పెట్టిన నీ గొలుసు తాకట్టులోనే ఉండిపోతుంది.

దండం పెట్టుకుని, జిరాక్సులు పెట్టి మళ్లీ పసుపు గుడ్డలోనే కట్టాను. నడిపించిన స్వామి నకలు కాగితాలు వద్దంటాడా?

- ఈశ్వరయ్య

తలుపు వెనక నా చేతికర్ర చూసి కంగారుపడకు. మరిచిపోలేదు, వదిలేసి వెళ్తున్నా.