గస్తీ తిరిగితే లకుముకి పిట్ట రాదు

నాన్నా,

అన్నం మూతపెట్టి ఉంచాను, పడుకునే ముందు తిను. ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉంది.

అందులో నువ్వాడే ఆటలో లకుముకి పిట్ట నీకెందుకు కనబడటం లేదో నిన్న నీ వెనక నిలబడి చూస్తే అర్థమైంది. రాత్రంతా గోదాము చుట్టూ తిరిగొచ్చి, ఆటలోనూ లాంతరు పట్టుకుని చెరువు చుట్టూ గస్తీ తిరుగుతున్నావు! అక్కడ దొంగలెవరూ లేరు నాన్నా. నీ అడుగుల చప్పుడుకి పిట్టే పారిపోతోంది. ఆటలో ఆ చెరువు గట్టు మీద బెంచీ వేశాను. లాంతరు ఆర్పేసి కదలకుండా కూర్చో, అదే వస్తుంది.

గోదాములో కుర్చీ అడగమంటే, "కూర్చుంటే అది కాపలా ఎలా అవుతుందే?" అంటావు. పోనీ, ఆటలోనైనా కాసేపు కూర్చో.

ఆఫీసుకి ఆలస్యమవుతోంది, వెళ్తున్నాను.

తా.క.: బెంచీ మీద ఇద్దరం పడతాం. ఆదివారం నాకు సెలవు. అప్పటిదాకా నా చోట నీ లాంతరు పెట్టుకో.