అక్తి పండగనాటి మీటింగు

చిరంజీవి అరుణజ్యోతికి,

నాన్న ఆశీస్సులు. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. విశాఖలో మీరంతా కులాసా అని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెప్పలేనిది రాస్తున్నాను.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. మందు వాడుతోంది. నా మీద కేకలు తగ్గలేదు కాబట్టి ఫర్వాలేదనుకో. ఇక్కడ నందిని గనుల కాలనీలో ఎండలు మండిపోతున్నాయి, మన వీధి బోరు అడుగంటింది. ఫూల్‌బాసన్ దీదీ ఎలా ఉందని ఫోన్లో రెండుసార్లు అడిగావు. అక్కడికే వస్తున్నాను.

మన వీధి కమిటీ నీకు తెలుసుగా. తెలుగు, ఒడియా, బెంగాలీ, మలయాళీ, ఛత్తీస్‌గఢీ, ఒక్కో భాషవాళ్లకి ఒక్కో మనిషి; ఛత్తీస్‌గఢీవాళ్లకి ఫూల్‌బాసన్ దీదీ. ఎవరి సంగతి తేల్చాలన్నా వాళ్ల మనిషి ఎదుట ఉండి మాట్లాడాలి. ప్లాంటులో రిటైరైన ఏడాది ఆ నియమం రాసింది నేనే. అధ్యక్ష పదవి ఏటా ఒక భాషవాళ్లది. "దీదీకి చదువు రాదు, మినిట్స్ ఎవరు రాస్తారు?" అంటూ ఆవిడ వంతు కూడా నేనే మింగాను.

నీళ్లు చాలక, చివరి ఎనిమిది ఇళ్ల కొళాయి కట్టేద్దామన్నారు మిగతావాళ్లు. అవన్నీ ఛత్తీస్‌గఢీల ఇళ్లే. అక్తి పండక్కి, అదే మన అక్షయ తృతీయకి, వాళ్లంతా పల్లెకి వెళ్లిన రోజు చూసి మీటింగు పెట్టాను.

"ఆల్లు నేకుండా ఆల్ల కొళాయి మీద మీటింగేటండీ?" అంది అమ్మ.

"నీకు తెల్దు, ఊరుకో" అన్నాను.

అంతటితో ఆగలేదు తల్లీ. రిజిస్టరులో ఫూల్‌బాసన్ పేరు ఎదురుగా 'హాజరు, సమ్మతం' అని నా చేత్తోనే రాశాను. కంచే చేను మేసింది.

కొళాయి కట్టేసిన తొమ్మిదో రోజున ఆవిడ నీళ్లకోసం పాత గని గుంటలోకి దిగి, కాలు జారి మునిగిపోయింది. పైకి తీసేసరికి మధ్యాహ్నమైంది. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. నావల్లే పోయిందనిపిస్తోంది. అనిపించడమేమిటి, నావల్లే పోయింది.

నిన్న ఆవిడ భర్త బిసాహు వచ్చాడు. ఇప్పుడు కమిటీలో వాళ్ల మనిషి అతనే. రిజిస్టరు చూశాడట. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇత్‌వార్ మీటింగ్, రావ్ భయ్యా. మీ గురించే. మీరు లేకుండా ఫైస్‌లా చెయ్యం. వచ్చి మీ మాట చెప్పుకోండి" అన్నాడు.

పోలీసులకి అప్పగిస్తారేమో, వెళ్లొద్దని అమ్మ ఏడుస్తోంది. ఆదివారం వెళ్తాను. వాళ్లు ఏ ఫైస్‌లా తేల్చినా సరే. ముందు నన్ను మాట్లాడనిస్తారట తల్లీ. దానికే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని నాన్న,
తిరుమలరావు