ఒకటో తారీఖు దాకా

మార్చి 4
మనవరాలు తన యాప్‌కి మళ్ళీ కొత్త రిలీజ్ వదిలింది. మళ్ళీ హారన్ గాడింటికి మూడంతస్తులు ఎక్కాను. బస్ డిపోలో వాడు డ్రైవరు, నేను మెకానిక్కు. ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొట్టేవాడు, అందుకే ఆ పేరు. ఇప్పుడు షుగరు. జబ్బకి సెన్సర్ అతికించుకున్నాడు. షుగర్ పడిపోతే ఫోను అరుస్తుంది. దాన్ని అరిచేలా చేసేది మా పిల్లా, దాని స్నేహితులూ రాసిన యాప్. ఓపెన్ సోర్సట. ఊరికే ఇస్తారు, లోపల రాసిందంతా ఎవరైనా చూడొచ్చు. నేనూ చూశాను. చీమలు పాకినట్టుంది.
కొత్త రిలీజ్ వచ్చినప్పుడల్లా దించుకోవాలి, వేసుకోవాలి, సెన్సర్ మళ్ళీ కలపాలి. వాడికి చేతకాదు. వాడి పెళ్ళాం, నువ్వే రావాలన్నయ్యా అంటుంది. నాది ఐదో క్లాసు. బటన్లు నొక్కడానికి అది చాలు.

మార్చి 11
మళ్ళీ రిలీజ్. మళ్ళీ మెట్లు. వాడు నన్ను చూడగానే, వచ్చావట్రా, మీ పిల్లకి వేరే పనీపాటా లేదా అన్నాడు. మోకాళ్ళు రాత్రంతా తిట్టాయి.

మార్చి 12
అన్నం దగ్గర పిల్లని పట్టుకున్నాను. నీ యాప్‌కి విరేచనాలు పట్టుకున్నాయా అమ్మడూ, వారంవారం ఏంటది అన్నాను. నవ్వి నవ్వి పొలమారింది దానికి. కొంచెం కొంచెంగా వదిలితే తప్పెక్కడుందో తొందరగా దొరుకుతుంది తాతా అంది. నేను వదల్లేదు. ముసలాళ్ళు విసిగిపోయి అప్‌డేట్ మానేస్తున్నారే అన్నాను. నవ్వు ఆగిపోయింది. స్నేహితులూ అదే అంటున్నారట.

మార్చి 20
గెలిచాను! ఇకమీదట మూడు నెలలకోసారే. ఈసారి జూన్ ఒకటిన. హారన్ గాడు పంచదార లేని టీ ఇచ్చి, ఇదే పార్టీ అనుకోమన్నాడు.

మే 9
పిల్ల మొహం మాడ్చుకుని కూర్చుంది. ఫోను చాలాసేపు కదలకుండా పడుంటే యాప్ అరవడం లేదని ఎవరో రాశారట. ఒక్కరే రాశారట.

మే 11
తప్పు దొరికింది. సరిచేసింది కూడా. ఏడంటే ఏడు లైన్లు. ఈ ఒక్కదాని కోసం మధ్యలో వదలనా తాతా అని నన్నే అడిగింది. అప్పుడే కడుపుబ్బరమా, పట్టుమని మూడు నెలలు ఆగలేవా అన్నాను. సరేలే, ఒకటో తారీఖున అన్నీ కలిపి వదుల్తాం అంది.
నా జోకుకి నేనే చాలాసేపు నవ్వుకున్నాను.

మే 23
హారన్ పోయాడు.

మే 24, మధ్యాహ్నం మూడు
నిన్న ఈపాటికే. ఇన్సులిన్ వేసుకున్నాడు, ఆకలి లేదని సగం తిని లేచాడు, పడుకున్నాడు. పక్కన బల్ల మీద ఫోను. వాడి పెళ్ళాం అవతలి గదిలో బట్టలు మడతపెడుతోంది. అరిస్తే వెళ్దాంలే అనుకుందట. నాలుగింటికి టీ పట్టుకెళ్ళింది.
అది అరవలేదన్నయ్యా అంది. వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతోంది. నాకు మూడుసార్లు చెప్పింది. ఏమైందో చూస్తానని వాడి ఫోను తెచ్చేశాను.

మే 25
పిల్ల ఆ ఫోనుకి వైరు పెట్టి పొద్దుటినుంచీ చూసింది. అదే తప్పు. ఏడు లైన్లు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. వదిలే బటన్ నా చేతిలోనే ఉంది కదా తాతా అంది. అంతే.
డిపోలో బ్రేకు బాగైతే ఆ గంటలోనే బస్సుకి బిగించేవాణ్ణి. ఒకటో తారీఖు దాకా షెడ్డులో దాచుకుని, బ్రేకు లేని బస్సుని రోడ్డెక్కించానా ఎప్పుడైనా? ముప్ఫై ఏళ్ళు ఆ పనే చేశాను. నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.
సాయంత్రం ఆ ఏడు లైన్లే ఒక రిలీజ్‌గా వదిలింది.

మే 30
వాళ్ళందరూ మీటింగ్ పెట్టుకున్నారు. ప్రాణం మీదికొచ్చే తప్పైతే ఆ రోజే వదలాలట, మిగతావి నెలకోసారి. నువ్వేమంటావు తాతా అని అడిగింది. ఏదో ఒకటి అని నవ్విస్తాననుకుంది. ఆ రోజు కాదు, ఆ గంటలోనే అన్నాను.

జూన్ 1
మెట్లెక్కాను. వాడి ఫోనులో ఆ రిలీజ్ వేసి బల్ల మీద పెట్టాను. ఆవిడా నేనూ ముట్టుకోకుండా కూర్చున్నాం. చాలాసేపటికి అరిచింది. వాడి జబ్బన ఉండాల్సిన సెన్సర్ దొరకడం లేదట.
ఆపబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.