అమ్మణ్ణి ఆఫీసునుంచి వచ్చే వేళ

కూకట్‌పల్లి, 9-7-74

అన్నయ్యకు, ఇక్కడ నేనూ, నీ కూతురూ కులాసా.

చదువు మధ్యలో ఏడాదిపాటు బీమా ఆఫీసులో జీతమిచ్చి పని నేర్పుతారన్నాను కదా, మీ అమ్మణ్ణి చేరింది. ఏ వయసులో వెయ్యిమందికి ఎందరు పోతారో లెక్కగట్టడం దాని పని. అది విన్న దగ్గర్నుంచీ మేం అద్దెకున్న ఇంటావిడ రుక్కమ్మ రోజూ సాయంత్రం చెంబుతో గుమ్మంలో నిలబడుతోంది.

"చావులెక్కలు జూసొచ్చినవ్ బిడ్డా, కాళ్లు కడుక్కోనిదే లోపల్కి రాకు!"

"లెక్కలే పెద్దమ్మా, శవాలు కావు!"

"ఏదైతేంది, ఇగ కాళ్లు వెట్టు."

నీళ్లు తనే పోస్తుంది, వెంటనే వేడి చాయ్ ఇస్తుంది.

పరాయి ఊళ్లో పిల్లను ఎవరు కనిపెట్టుకుంటారు, మానిపించి పంపెయ్యమని రాశావు. నాకూ రోజుకో రకంగా అనిపిస్తోంది. అయినా పంపను. కోపమొస్తే నన్ను తిట్టు, దాన్ని మాత్రం వెనక్కి పిలవకు.

వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆవకాయ పంపితే రుక్కమ్మకూ కలిపి పంపమను. బుల్లిబాబుకు ముద్దులు.

నీ చెల్లెలు,
పుణ్యవతి